ముట్టుకోవద్దు, ఇది ఫిక్రీ గారిది

ఇన్షిరాహ్ ఆ మాట ఇంట్లో అని ఉంటే ఏ గొడవా లేకపోయేది. మెట్ల మీద అంది. ముహర్రం బే పేటలోని ఆ అయిదంతస్తుల పాత మేడలో మెట్ల మీద అన్న మాట కిందికి దొర్లుకుంటూ పోయి వీధి చివర రొట్టెల కొట్టు దాకా వినిపిస్తుంది.

కిందటేడు అయిదో అంతస్తు వాళ్లు ఇల్లు ఖాళీ చేస్తూ, చిరిగిన పరుపులు, విరిగిన కుర్చీలు, సగం తిన్న ఊరగాయ సీసాలు అన్నీ గుమ్మం ముందు కుప్పపోసి వెళ్లిపోయారు. మొదట పిల్లులొచ్చాయి. తర్వాత ఈగలు. ఆ తర్వాత చలికాలపు తొలి వాన. ఒక పరుపు కొట్టుకుపోయి మురుగు తూముకు అడ్డం పడితే, కింది గదిలో ఉండే కాపలాదారు ఇద్రీస్ రెండు రోజులు మంచం మీదే కాపురం చేశాడు. అప్పుడు ఇన్షిరాహ్ నాలుగో అంతస్తు బాల్కనీలో నిలబడి ఆ వెళ్లినవాళ్ల ఏడు తరాలనూ వారం రోజులపాటు ఉతికి ఆరేసింది.

ఇప్పుడు వెళ్లే వంతు ఆమెకే వచ్చింది. మోకాళ్లు మొరాయించాయి. లిఫ్టు చచ్చిపోయి పదేళ్లయింది. సీదీ బిష్ర్‌లో సముద్రానికి నాలుగడుగుల దూరంలో, ఒక్క మెట్టూ ఎక్కనక్కర్లేని రెండు గదుల ఇల్లు దొరికింది. ఆ కబురు మేడంతా పాకిన రోజున, మూడో అంతస్తు తహానీ కొత్తిమీర కట్ట చంకలో పెట్టుకుని ఎదురొచ్చింది.

"వెళ్తున్నావటగా, ఉమ్ రబాబ్! నీ కుప్ప ఏ పక్కన పోస్తావో ముందే చెప్పు తల్లీ. నా కిటికీ కింద మాత్రం వద్దు."

ఇన్షిరాహ్ కూతురు రబాబ్ పెళ్లయి తంతా పట్నంలో ఉంటోంది. ఆ పిల్ల పేరు మీద వాకిట్లో అందరూ తల్లిని ఉమ్ రబాబ్ అనే పిలుస్తారు. ఇంత ప్రేమగా పిలిచి అంత మాట అనేసరికి ఇన్షిరాహ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నా ఇంటినుంచి ఒక్క సంచి చెత్త ఆ కాలిబాట మీద పడితే నా పేరు ఇన్షిరాహ్ కాదు. ఆ రోజునుంచి నన్ను తహానీ అని పిలవండి!"

పైన ఎవరో నవ్వారు. కింద ఇంకెవరో తలుపు తీశారు. తహానీ కొత్తిమీర కట్టను ఒక చంకలోంచి రెండో చంకలోకి మార్చుకుని, "చూద్దాంలే. ఇంకా మూడు వారాలుందిగా" అని తన తలుపు వేసేసుకుంది.

ఇన్షిరాహ్ పైకెక్కి తన ఇంట్లోకి వచ్చి, తలుపుకు వీపు ఆనించి నిలబడి చూసింది. ఇరవై తొమ్మిదేళ్ల కాపురం. అందులో సగం తనది, సగం భర్త శౌకీది. తన సగం గిన్నెలు, గుడ్డలు, సీసాలు. శౌకీ సగానికి మాత్రం పేరు పెట్టడం కష్టం.

శౌకీ ట్రాములో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. మనిషి మంచివాడు, మాట నెమ్మది. కానీ చేతిలోకి వచ్చిన వస్తువును వదలడం ఆయన వల్ల కాదు. తాళం లేని తాళంచెవులు, చెవి లేని తాళాలు, తీగముక్కలు, పెరుగు డబ్బాలు, పాత సంవత్సరాల క్యాలెండర్లు అన్నీ ఉంటాయి. ఎందుకని అడిగితే, "అవసరం పడ్డప్పుడు తెలుస్తుంది" అంటాడు. ఆ అవసరం ఇరవై తొమ్మిదేళ్లలో రెండుసార్లు పడింది. రెండుసార్లూ ఆ వస్తువు ఎక్కడుందో దొరకలేదు.

"రెండు గదులే, అబూ రబాబ్," అంది ఇన్షిరాహ్ ఆ మధ్యాహ్నం. "ఈ తీగముక్కలకి ఒక గది, మనకి ఒక గది ఇద్దామా?"

"తీగలు ఎంత చోటు తింటాయి?"

"అవి తినవు. నా బుర్ర తింటాయి."

ముందు వంటింటితో మొదలుపెట్టింది. కొత్తగా ఏదీ కొనకూడదు, ఉన్నదంతా తిని పోవాలి అని తీర్మానించుకుంది. అలమరలో అడుగునుంచి పైకి అన్నీ బయటికొచ్చాయి. పప్పులు, ఎండబెట్టిన ములూఖియా ఆకు, సగం సగం మిగిలిన మాకరోనీ సంచులు, రంజాన్‌కి కొని మరచిపోయిన నారింజరంగు ఆప్రికాట్ తాండ్ర, ఒక మట్టికుండ నిండా మాగిన జున్ను. రెండు వారాలపాటు శౌకీ కంచంలోకి ఎప్పుడూ కనీవినీ ఎరగని వంటలు వచ్చాయి. ఒకరోజు ములూఖియా పులుసులో మాకరోనీ. ఒకరోజు పప్పులో తాండ్ర.

"ఇదేంటి?" అన్నాడు శౌకీ చెంచాతో ఒక ముక్కను పైకెత్తి, వెలుతుర్లో తిప్పి చూస్తూ.

"అవసరం పడ్డప్పుడు తెలుస్తుందని నువ్వేగా అంటావు. ఇప్పుడు అవసరం పడింది. తిను."

తొక్కలూ తొడిమలూ మేడమీద ఇద్రీస్ భార్య పెంచే బాతులకు వెళ్లాయి. ఇన్షిరాహ్ అడుగుల చప్పుడు వినగానే బాతులు గోలపెట్టడం నేర్చుకున్నాయి. ఖాళీ సీసాలు వీధి మలుపులో ఊరగాయలమ్మేవాడికి వెళ్లాయి. పాత దుప్పట్లు కత్తిరించి మూతికి తాడున్న సంచులు కుట్టింది. గాజుగ్లాసులను శౌకీ వేసుకునే పొడుగాటి గలాబియా చొక్కాల్లో చుట్టింది. కూరగాయల కొట్టువాడి దగ్గర ఈతమట్టల బుట్టలు ఎరువు తెచ్చుకుంది. అట్టపెట్టెలు కొననక్కర్లేదు, దిగాక మళ్లీ అతనికే ఇచ్చేయొచ్చు. అంతవరకు పని వెన్నలా సాగింది.

చిక్కంతా పెద్ద సామానుతోనే వచ్చింది.

"రోబాబేకియా! పాతసామాన్లు కొంటాం!" అని అరుచుకుంటూ బండివాడు వీధిలోకి రాగానే, ఇన్షిరాహ్ శౌకీని మూడు వస్తువులతో కిందికి పంపింది. విరిగిన ఇస్త్రీ బల్ల, రెండు రేడియోలు. అరగంట తర్వాత శౌకీ చెమటలు కక్కుతూ, మొహం వెలిగిపోతూ పైకొచ్చాడు. చంకలో పువ్వులా విచ్చుకున్న ఒక పెద్ద ఇత్తడి గొట్టం ఉంది.

"ఏంటిది?"

"గ్రామఫోను గొట్టం. ఎంత బేరం ఆడానో తెలుసా!"

"గ్రామఫోనేది?"

"అది లేదు. గొట్టం ఉంటే ఎప్పటికైనా గ్రామఫోను దొరక్కపోతుందా?"

ఇన్షిరాహ్ కుర్చీలో కూలబడింది. అమ్మకం శౌకీ చేతిలో పెట్టకూడదని ఆ రోజు తేలిపోయింది. కానీ ఆయన రోజూ మధ్యాహ్నం దాటాక అసర్ నమాజ్ కాగానే కాఫీ దుకాణానికి పోయి, పాచికలు ఆడి, పొద్దుగూకే వేళకు వస్తాడు. ఆ రెండు గంటలూ ఇల్లు ఆమెదే.

మొదటిరోజు ఒక పేముకుర్చీ, పసుపు గొడుగున్న నిలువు దీపం, రాగి అడుగు గిన్నె మెట్ల మలుపులో పెట్టి, చక్కని అక్షరాలతో కాగితం అంటించింది: 'ఉచితం. కావలసినవారు తీసుకోండి.'

మూడు రోజులు గడిచాయి. ఎవరూ తీసుకోలేదు. తహానీ మేడమీద బట్టలారేయడానికి పోతూ ఆ మలుపు దాటేటప్పుడు లంగా అంచు పక్కకి లాక్కుని మరీ పోయింది. "ఊరికే ఎవరిస్తారమ్మా? ఏ దిష్టి తీసి పెట్టారో!" అని కింద ఎవరితోనో అనడం ఇన్షిరాహ్ చెవిన పడింది. రెండో అంతస్తు ఫిక్రీ గారు మాత్రం పైకెక్కి వచ్చి మరీ చూశాడు. తపాలా కచేరీలో లెక్కలు రాసి రిటైరైన మనిషి. పిల్లికి బిచ్చం పెట్టడు, పిల్లి తెచ్చిన ఎలుకనూ అనుమానంగానే చూస్తాడు.

"దీపం వెలుగుతుందా?" అన్నాడు.

"భేషుగ్గా వెలుగుతుంది, ఉస్తాద్ ఫిక్రీ. తీసుకెళ్లండి."

"వెలిగే దీపం ఎందుకిస్తున్నారు?"

"మాకు అక్కర్లేదు."

"వెలిగేది అక్కర్లేకపోవడమేంటి?" అని, దీపం చుట్టూ ఒకసారి తిరిగి, తల ఆడిస్తూ దిగిపోయాడు.

నాలుగోరోజు ఇన్షిరాహ్‌కి విసుగొచ్చింది. దీపాన్ని ఇద్రీస్ చేత ఫిక్రీ గారి ఇంట్లో పడేయించడమే నయమనుకుని, అతనికి గుర్తుండేలా పాత కాగితం పీకి కొత్తది అంటించింది: 'ఇది ఫిక్రీ గారి కోసం. ఎవరూ ముట్టుకోవద్దు.' ఇద్రీస్ బాతులకు నీళ్లుపెట్టి గంట తర్వాత వచ్చేసరికి అక్కడ దీపం లేదు. ఫిక్రీ గారిని అడిగితే తనకు తెలియదని ఒట్టేశాడు. పొద్దు వాలాక ఇన్షిరాహ్ బాల్కనీలోంచి కిందికి వంగి చూస్తే, తహానీ తెర వెనకాల పసుపురంగు గొడుగు వెలుగుతోంది.

"ఇదేం చోద్యం, ఇద్రీస్ బాబాయ్? తీసుకోమని బతిమాలితే లంగా పక్కకి లాక్కుంది!"

అస్వాన్ వైపు నుంచి వచ్చి ఆ గుమ్మంలో ముప్ఫై ఏళ్లుగా కూర్చున్న ఇద్రీస్‌కి ఆ మేడలో ఎవరి కడుపులో ఏముందో తెలుసు. "ఊరికే ఇస్తే బిచ్చం తల్లీ," అన్నాడు మీసంలో నవ్వుకుంటూ. "ఫిక్రీ గారికి దక్కేది తను కొట్టేస్తే గెలుపు."

ఇన్షిరాహ్ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. తెల్లారి లేచి కాగితాలూ జిగురూ ముందేసుకుని కూర్చుంది.

పేముకుర్చీ మీద 'తహానీ కోసం' అని రాసింది. గంటలో ఫిక్రీ గారి పాలైంది. రాగిగిన్నె మీద 'అయిదో అంతస్తు కొత్త కోడలి కోసం' అని రాస్తే, అక్కడ కొత్తగా దిగిన ఆ కోడలి అత్తగారే ముందు ఎత్తుకుపోయింది. మాగిన జున్ను అయిపోయిన మట్టికుండ, అరిగిన తివాచీ, అద్దం, ఉప్పుడబ్బాల వరస, కుట్టుమిషను బల్ల. దేనికి ఎవరి పేరు రాస్తే ఎవరు ఎగరేసుకుపోతారో ఇన్షిరాహ్‌కి నోటికొచ్చేసింది. ఒక్కోరోజు తలుపు సందులోంచి చూసేది. చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లి నడక నడుస్తూ వచ్చే ఫిక్రీ గారిని చూసి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. ఇద్రీస్ కింద గుమ్మంలో ఏమీ ఎరగనట్టు తస్బీహ్ జపమాల తిప్పుకునేవాడు.

శౌకీకి ఇల్లు పల్చబడుతోందని తెలుస్తూనే ఉంది. ఒకరోజు కాఫీ దుకాణం నుంచి వచ్చి, అలవాటు ప్రకారం పేముకుర్చీ ఉండే చోట కూర్చోబోయి నేలమీద కూర్చున్నాడు.

"నా కుర్చీ!"

"కావలసినవాళ్లకి ఇచ్చా."

"నాకు కావాలిగా!"

"నీకు అన్నీ కావాలి."

ఆయన లేచి దులుపుకుని, తన గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. రెండు రోజులు లోపల సర్దుడు చప్పుళ్లు వినిపించాయి. ఇల్లు మారడానికి ఇంకా రెండు రోజులుందనగా, తాళ్లతో బిగించి కట్టిన నాలుగు చెక్కపెట్టెలు ఒక్కొక్కటే మోసుకొచ్చి మెట్ల మలుపులో పేర్చాడు.

"అక్కడెందుకు?" అంది ఇన్షిరాహ్ కంగారుగా.

"ఇంట్లో ఉంటే నువ్వు ఎవరికో కట్టబెడతావు. ఇక్కడైతే పదిమంది కళ్లముందుంటాయి. భద్రం." అంటూ కాగితం తీసి అంటించాడు. ట్రాములో రిపోర్టులు రాసిన చెయ్యి, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి: 'ఇవి శౌకీవి. ఎవరూ ముట్టుకోవద్దు.'

ఇన్షిరాహ్ నోరు తెరిచింది. ఆ కాగితం సంగతేంటో చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలో ఆమె కళ్లముందు రెండు గదుల ఇల్లు, అందులో ఈ నాలుగు పెట్టెలు కనిపించాయి. నోరు మూసుకుంది.

"బాగా రాశావు," అంది. "అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి."

ఆ ఉదయమే ఇంకో పని కూడా జరిగింది. కిటికీ రెక్కలకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు డబ్బా సగం ఉండిపోయింది. పారేయడానికి లేదు, పారబోయడానికి అసలే లేదు. ఇద్రీస్‌ని పిలిచి, మెట్ల పక్క ఇనుప కటకటాలకి వేసెయ్యమంది. తుప్పు పట్టి ఏడుస్తున్న కటకటాలు పైనుంచి కిందిదాకా పచ్చగా మెరిశాయి. రంగు ఆరేందుకు సాయంత్రం దాకా పడుతుందని ఇద్రీస్ అందరికీ అరిచి చెప్పాడు. ఆ మేడలో ఎవరైనా అరిచి చెప్పినదాన్ని విన్నది ఎప్పుడు గనక?

శౌకీ కాఫీ దుకాణానికి వెళ్లాడు. ఇన్షిరాహ్ పావుగంట ఆగింది. నాలుగింటిలోనూ చిన్నది, తేలికది ఒకటుంది. అందులో ఏముందో ఆమెకు తెలుసు. సంచుల్లో కుక్కిన సంచులు, ఆ సంచుల్లో మళ్లీ సంచులు. మిగతా మూడూ ఎలాగూ పోతాయి, ఇదొక్కటీ ఎవరూ తీసుకోరు. తనే చంకలో పెట్టుకుని, రెండో చేత్తో కటకటాలు పట్టుకుని, మోకాళ్లు తిట్టుకుంటూ కిందికి దిగి, చేపలమ్మేవాడికి ఇమ్మని ఇద్రీస్ గదిలో పెట్టి వచ్చింది.

శౌకీ తిరిగొచ్చేసరికి మలుపులో కాగితం ఒక్కటే నేలమీద పడి ఉంది.

అరుస్తాడనుకుంది. అరవలేదు. మెట్టు మీద కూర్చున్నాడు. ఇన్షిరాహ్ వచ్చి పై మెట్టు మీద కూర్చుంది.

"ఏమున్నాయి వాటిల్లో?" అంది మెల్లగా.

"తీగలు. క్యాలెండర్లు. తాళంచెవులు. ఇంకా..." ఆయన ఆగిపోయాడు. వేళ్లు మడిచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. "ఇంకా చాలా ఉన్నాయి."

"ఏంటవి?"

చాలాసేపు ఆలోచించాడు. తల పైకెత్తకుండానే, "గంట ఉంది, ఇన్షిరాహ్," అన్నాడు.

ఆయన ఆమెను పేరుపెట్టి పిలిచి ఏళ్లయింది. ఆ గంటేమిటో ఆమెకు తెలుసు. ట్రాము నడిపేవాడు కాలితో మోగించే ఇత్తడి గంట. శౌకీ చివరి రోజున డిపోలో కుర్రకారు పాత ట్రాము నుంచి మరలు విప్పి, తుడిచి, ఆయన చేతిలో పెట్టారు. అది బట్టల సూట్‌కేసులో ఉందని ఆమె ఇంతకాలం అనుకుంది.

లేవబోతూ శౌకీ కటకటాలు పట్టుకున్నాడు. చెయ్యి తీసి చూసుకున్నాడు. అరచేతికి అక్కడక్కడ పచ్చటి మరకలు. కటకటాల మీద చూశాడు. నిగనిగలాడే రంగులో వేళ్లు పెట్టి ఈడ్చిన గుర్తులున్నాయి. మూడో అంతస్తు గుమ్మం దాకా కొన్ని, రెండో అంతస్తు దాకా కొన్ని, అట్టడుగు దాకా కొన్ని. వంగిపోయిన నడుము నిటారైంది. జేబులోంచి పాత ఈల తీసి ఊదాడు. ఆ మోతకు మేడమీద బాతులు కూడా ఉలిక్కిపడ్డాయి.

"తనిఖీ!" అన్నాడు. "అందరూ చేతులు చూపించండి!"

మూడో అంతస్తు తలుపు తీయడానికి చాలాసేపు పట్టింది. తహానీ మోచేతుల దాకా పిండి పూసుకుని వచ్చింది. "రొట్టెలు పిసుకుతున్నా, అబూ రబాబ్, ఇప్పుడేం తనిఖీ?"

"తిప్పు."

తిప్పింది. పిండి రాలింది. కింద పచ్చగా ఉంది.

"అది పాలకూర!"

"పాలకూర ఆరితే ఇలా జిగటగా ఉండదు, అమ్మా," అని శౌకీ మెట్టు దిగాడు. తహానీ పిండి చేతులతోనే వెనకాల దిగింది. ఎవరి చేతులు ఎలా ఉన్నాయో చూడకుండా ఉండడం ఆమెవల్ల కాలేదు.

ఫిక్రీ గారు సెప్టెంబరు ఉక్కలో ఉన్ని చేతితొడుగులు వేసుకుని తలుపు తీశాడు. శౌకీ ట్రాములో టికెట్ లేనివాడి ముందు నిలబడ్డట్టు, చెయ్యి చాచి, ఓపిగ్గా నిలబడ్డాడు. ఫిక్రీ గారు చూశాడు, గొంతు సవరించుకున్నాడు, ఒక తొడుగు విప్పాడు. తేలు కుట్టిన దొంగలా గుడ్లు తేలేశాడు. అప్పుడు హఠాత్తుగా ఆయనకు ఒక దారి కనిపించింది.

"అందరి చేతులూ అంటే అందరివీ!" అన్నాడు వేలు పైకి చూపిస్తూ. "మీ ఇంటావిడవి చూశారా?"

ఇన్షిరాహ్ అప్పటికే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. శౌకీ తిరిగి చూశాడు. ఆమె ఒక్కో చేతినీ ముందుకు తెచ్చింది. ఎడమది శుభ్రంగా ఉంది. కుడిది మణికట్టు దాకా పచ్చగా ఉంది.

ఇక దాచి లాభం లేదని ఇన్షిరాహ్ మొత్తం కక్కేసింది. ఉచితం అని రాసిన కాగితం నుంచి మొదలుపెట్టి, దీపం, కుర్చీ, ఎవరి పేరు రాస్తే ఎవరు తీశారో, ఈ ఉదయం నోరు తెరిచి మూసుకోవడం దాకా. చిన్నపెట్టె తనే తీశానని కూడా చెప్పింది.

"అంటే," అంది తహానీ నెమ్మదిగా, "ఆ దీపం మొదట్నుంచీ నాకే ఇద్దామనుకున్నావా?"

"లేదు. నిజంగానే ఫిక్రీ గారికి ఇద్దామనుకున్నా."

"చూశారా!" అంది తహానీ ఫిక్రీ గారి వైపు తిరిగి, మొహం మతాబాలా వెలిగిపోతుంటే. "నిజంగానే మీదట!"

"ఆ కుర్చీ మాత్రం?" అన్నాడు ఫిక్రీ గారు ఆశగా.

"అది ఆవిడకే అనుకున్నా."

ఫిక్రీ గారి భుజాలు రెండంగుళాలు పైకి లేచాయి.

గంట ఆయన ఇంట్లోనే ఉంది. బరువు చూసి ఆ పెట్టె ఎంచుకున్నానని ఒప్పుకుని, రెండు చేతులతో పట్టుకొచ్చి శౌకీకి ఇచ్చాడు. శౌకీ దాన్ని మెట్టు మీద పెట్టి మడమతో తొక్కాడు. ఖణేల్‌మంది. ఒకప్పుడు ఆ మోతకే వీధిలో గాడిదలు పక్కకి తప్పుకునేవి. మేడమీది బాతులు గోలెత్తాయి. మిగిలిన తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఆయన ఇంకోసారి తొక్కాడు. ఇన్షిరాహ్‌కి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది, పచ్చచేత్తో మొహం తుడుచుకుని మొహం కూడా పచ్చచేసుకుంది.

క్యాలెండర్ల పెట్టె తహానీ ఇంట్లో దొరికింది. అప్పటికే ఆమె వాటిని చక్కగా కత్తిరించి వంటింటి అరలన్నిటికీ పరిచేసింది. నైలు పడవలు, ద్రాక్షగుత్తులు, ఏనాటివో నెలలు, వాటిమీద వరసగా గిన్నెలు. శౌకీ చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కో అరనూ చూసుకుంటూ నడిచాడు.

"అటక మీద ఎప్పుడూ ఇలా కనిపించలేదు," అన్నాడు చివరికి. "ఉండనీ."

భార్యతో మాత్రం మర్నాటి మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు. ఆమె పప్పు పెట్టింది, తాండ్ర కలపకుండా. తిన్నాడు. చేతులు కడుక్కుని వచ్చి, "నువ్వు ముందే చెప్పాల్సింది," అన్నాడు.

"చెప్పాల్సింది," అంది ఇన్షిరాహ్.

"చెప్తే నేను వినేవాణ్ని కాదు."

"వినేవాడివి కాదు. అయినా చెప్పాల్సింది."

ఆయన తలూపాడు. "ఫిక్రీ దగ్గర తీగలు అలాగే ఉన్నాయట, అడిగి తెచ్చుకోనా?" అన్నాడు. ఆమె జవాబు చెప్పకముందే తనే, "వద్దులే" అనుకుని, నిద్రపోవడానికి వెళ్లాడు.

ఇల్లు మారే రోజు పొద్దున్నే ట్రక్కు వచ్చింది. ఈతమట్టల బుట్టలు, దుప్పటి సంచులు, గలాబియాల్లో చుట్టిన గ్లాసులు దిగాయి. కాలిబాట మీద ఇద్రీస్ చీపురు పట్టుకుని నిలబడ్డాడు, ఊడవడానికి ఏమీ లేదు. తహానీ ముక్కుకి కళ్లద్దాలు తగిలించుకుని గోడ మూలలన్నీ వెతికి, ఇన్షిరాహ్ చేతిలోని చిన్న సంచి దగ్గర ఆగింది.

"అదేంటి?"

"అయిపోయిన బ్యాటరీలు, పగిలిన బల్బులు. వీటికి మాత్రం ఏ పేరు రాసినా ఎవరూ కొట్టేయరు. అక్కడ తీసుకునే చోటు వెతికి ఇస్తా. కాలిబాట మీద పెట్టడం లేదుగా?"

"లేదులే. నువ్వు ఇన్షిరాహ్‌వే. నా పేరు నాకే ఉంచావు." అని తహానీ గుమ్మం వైపు తిరిగి చప్పట్లు కొట్టింది.

అప్పుడు మొదలైంది. ఒక్కొక్కరే బయటికొచ్చారు. అందరి చేతుల్లోనూ రంగుకాగితాల్లో చుట్టి, రిబ్బన్లు కట్టిన మూటలు. వీడ్కోలు కానుకలట! ఫిక్రీ గారి మూటలోంచి పంకా రెక్క ఒకటి పొడుచుకొచ్చింది. మూడు రెక్కల్లో రెండే ఉన్నాయి. అయిదో అంతస్తు అత్తగారు దుమ్ముపట్టిన ప్లాస్టిక్ ఈతచెట్టు తెచ్చింది. ఇంకెవరో పిడిలేని టీ కెటిల్ తెచ్చారు. ఒక్కోదానిమీదా పెద్ద అక్షరాలతో కాగితం: 'ఇది ఉమ్ రబాబ్ గారి కోసం. ఇంకెవరూ ముట్టుకోవద్దు.' కానుకను కాదంటే పరువు తక్కువ, తీసుకుంటే రెండు గదులూ నిండిపోతాయి. ఇన్షిరాహ్ కుడితిలో పడ్డ ఎలుకైంది. మేడ మేడంతా పళ్లు బయటపెట్టి చూస్తోంది.

పక్కన శౌకీ అప్పటికే పంకా మీద చెయ్యి వేశాడు. "రెండు రెక్కలున్నా తిరుగుతుం..." ఇన్షిరాహ్ ఆయన కాలు తొక్కింది.

"అల్లా మీ అందరినీ చల్లగా చూడాలి!" అంది రెండు చేతులూ గుండెకి ఆనించుకుని. "మీ ప్రేమకు మాటలు రావడం లేదు. కానీ మా దమన్‌హూర్‌లో ఒక ఆచారముంది. ఇల్లు మారే రోజున కానుకను వెళ్లేవాళ్లు మోసుకుపోకూడదు, అరిష్టం. ఇచ్చినవాళ్లే తమ చేతులతో కొత్తింటికి తెచ్చి పెట్టాలి. సీదీ బిష్ర్ ఎంత దూరం? రెండు ట్రాములు మారితే చాలు. మీరొచ్చేదాకా మీ దగ్గరే భద్రంగా ఉంచండి!"

"దమన్‌హూర్‌లో అలాంటి ఆచారమే లేదు!" అంది తహానీ. "మా అమ్మమ్మది దమన్‌హూర్!"

అందరూ శౌకీ వైపు చూశారు. ఆయన పంకాను చూశాడు. రెండు రెక్కలు, ఇత్తడి మూత, మంచి గట్టి మోటారు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఉంది," అన్నాడు. "వాళ్ల ఊళ్లో పట్టింపు మరీ ఎక్కువ. మా పెళ్లికి నేనే చూశా."

ఫిక్రీ గారు ట్రాము టికెట్టు రెండుసార్లు కొనడం గురించి ఆలోచించి పంకాను మెల్లగా లోపలికి తీసుకుపోయాడు. తహానీ మాత్రం పగలబడి నవ్వింది. నవ్వుతూనే ఇంట్లోకి వెళ్లి, ఇన్షిరాహ్ మట్టికుండను మోసుకొచ్చింది. నిండా నిమ్మకాయ ఊరగాయ, మూతికి శుభ్రమైన గుడ్డ కట్టి ఉంది.

"ఇది కానుక కాదు, తిండి. దీనికి ఏ ఆచారమూ అడ్డురాదు. పట్టు." కుండ అందించి, గుడ్డ ముడి మళ్లీ బిగించింది. "ఇకమీదట నేను మెట్ల మీద ఎవరితో పోట్లాడాలే?"

ఇద్దరూ ఒకరి భుజాన్ని ఒకరు తడిపారు. ట్రక్కువాడు రెండుసార్లు హారన్ కొట్టాక గానీ విడిపోలేదు.

కొత్తింట్లో సర్దడానికి నాలుగు గంటలు పట్టింది. అసర్ వేళకు బుట్టలు ఖాళీ అయ్యాయి. శౌకీ రెండు గదుల్లోకీ నడిచి, గోడల మీద చెయ్యి వేసి, మధ్యలో నిలబడ్డాడు.

"ఇంత ఖాళీగా ఉంటే నా గొంతు నాకే తిరిగి వినిపిస్తోంది."

"నేను ఇరవై తొమ్మిదేళ్లుగా వింటున్నా. నువ్వూ కాస్త విను," అంది ఇన్షిరాహ్.

పొద్దుగూకుతుంటే తలుపు తాళం వేసి ఇద్దరూ సముద్రం ఒడ్డుకి నడిచారు. ఒక్క మెట్టూ లేదు. ఒడ్డు గోడ మీద కూర్చుని, బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న కంకులు తిన్నారు. ఉప్పుగాలి కొడుతోంది, వేసవికి వచ్చినవాళ్లు పలచబడ్డారు. తినడం అయ్యాక ఇన్షిరాహ్ చేతిలో మిగిలిన కంకి బెండు పట్టుకుని అటూ ఇటూ చూసింది. కనుచూపుమేరలో ఒక్క చెత్తబుట్ట కూడా లేదు. శౌకీ ఓడ దీపాలను చూస్తూ, ఏ ఓడ ఎటు పోతోందో ఆమెకు వివరిస్తున్నాడు. ఆమె ఊ కొడుతూ, ఆ బెండును ఆయన కోటు జేబులోకి మెల్లగా జారవిడిచి, ఇంకో కంకి కొనమంది.